షెల్ స్క్రిప్టుల పోర్టింగ్, డీబగ్గింగ్ – చరిత్ర

ఒక యూనిక్స్ యంత్రంలో చక్కగా నడిచే షెల్ స్క్రిప్టు అదే కుటుంబానికి చెందిన మరో యంత్రంలో ఎందుకు తప్పుతోందో కనిపెట్టి సరిచేసే పని ఇది. లైనక్స్, మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ, సొలారిస్ అన్నిటిలోనూ /బిన్/ఎస్‌హెచ్ అనే ఫైలు ఉంటుంది. ఆ పేరుతో నడిచే ప్రోగ్రాము మాత్రం ఒక్కోచోట ఒక్కోటి. చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

తొలి యూనిక్స్ షెల్‌ను 1971లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాశాడు. స్క్రిప్టులకు అసలైన బలం 1979లో ఏడవ ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్‌తోనే చేకూరింది. అదే కాలంలో బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్ వ్యాకరణమే వేరు. 1983లో డేవిడ్ కార్న్ తన షెల్‌ను ప్రకటించాడు. 1989లో గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయన్ ఫాక్స్ రాసిన బాష్ బయటికొచ్చింది. ఇవి ఒకదాన్నుంచి ఒకటి సదుపాయాలు తీసుకుంటూ, తమవి కొన్ని కలుపుకుంటూ పెరిగాయి.

తేడాలు ఎంత చిన్న చోట మొదలవుతాయో ఎకో కమాండు చూపిస్తుంది. ప్రశ్న అడిగాక కర్సరు అదే లైనులో ఆగాలంటే ఏడవ ఎడిషన్‌లో -ఎన్ ఇవ్వాలి. సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌లో వాక్యం చివర \సి రాయాలి. మొదటి పద్ధతిలో రాసినది రెండో యంత్రంలో ఆ -ఎన్‌ను కూడా తెరమీద అచ్చువేసేది. లారీ వాల్ 1980ల్లో తన న్యూస్ రీడర్‌తో పాటు ఇచ్చిన కాన్ఫిగర్ స్క్రిప్టు దీనికి మంచి దారి చూపింది: ముందు ఎకోను ఒకసారి నడిపి చూసి, దాని తీరును వేరియబుల్స్‌లో దాచుకుని, తర్వాత వాటినే వాడేది. యంత్రం పేరును బట్టి ఊహించకుండా యంత్రాన్నే అడగాలన్న ఈ పద్ధతి ఈ రంగానికి దక్కిన అతి విలువైన పాఠం. 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ దాన్ని విస్తరించింది. ఎంత పాత బోర్న్ షెల్‌లోనైనా నడవాలని ఆటోకాన్ఫ్ తయారుచేసే స్క్రిప్టులు చాలా ఏళ్లు షెల్ ఫంక్షన్లను కూడా వాడలేదు.

1992లో పోసిక్స్ ప్రమాణం షెల్‌కు ఉమ్మడి నిర్వచనం ఇచ్చింది. ఎకో తగాదాను మాత్రం తెంచలేక, పోర్టబుల్ స్క్రిప్టులకు ప్రింట్‌ఎఫ్ వాడమంది.

లైనక్స్‌లో /బిన్/ఎస్‌హెచ్ అంటే బాషే అన్న అలవాటుకు 2006లో దెబ్బ తగిలింది. బూటింగ్ వేగం కోసం ఉబుంటు 6.10 ఆ స్థానంలో చిన్నదైన డ్యాష్ షెల్‌ను పెట్టింది. 2011లో డెబియన్ 6.0 కూడా అదే చేసింది. బాష్‌కే చెల్లే ప్రయోగాలు, అంటే బాషిజాలు, గుట్టలుగా బయటపడ్డాయి. చతురస్ర బ్రాకెట్ల పరీక్షలో = బదులు == రాయడం వాటిలో బాగా తరచుగా కనిపించేది. డ్యాష్ ఒక హెచ్చరిక ఇస్తుంది గానీ స్క్రిప్టును ఆపదు. పరీక్ష విఫలమైనట్టే లెక్కగట్టి ఎల్స్ భాగంలోకి వెళ్లిపోతుంది. షెల్‌కే -ఎన్ ఇచ్చి చేసే సింటాక్స్ తనిఖీకి ఇది దొరకదు, ఎందుకంటే షెల్ లెక్కలో [ అనేది ఒక కమాండు, == దానికి అందించిన ఒక మాట. అదే షెల్‌ను -ఎక్స్‌తో నడిపితే వేరియబుల్స్ విలువలతో సహా ప్రతి కమాండూ కనబడుతుంది, తప్పిన చోటు తెలుస్తుంది.

హెచ్చరికే లేని తప్పులు ఇంకా ప్రమాదకరం. పైపు చివర వైల్ లూప్ పెట్టి లైన్లు లెక్కిస్తే అసలు కార్న్ షెల్‌లో లెక్క నిలుస్తుంది. బాష్ మామూలుగా ఆ లూప్‌ను సబ్‌షెల్‌లో నడుపుతుంది కాబట్టి బయటికొచ్చేసరికి కౌంటర్ మళ్లీ సున్నా.

షెల్ ఒకటే అయినా పక్కనున్న పనిముట్లు వేరు కావచ్చు. గ్నూ సెడ్‌లో -ఐ తర్వాత బ్యాకప్ ఫైలు తోక ఐచ్ఛికం, మ్యాక్‌లో తప్పనిసరి. అందుకే లైనక్స్‌లో రాసిన లైనును మ్యాక్‌లో నడిపితే సెడ్ మార్పు సూత్రాన్నే తోకగా, ఫైలు పేరును సూత్రంగా అర్థం చేసుకుంటుంది. తాత్కాలిక ఫైలులోకి రాసి, ఆపై పేరు మార్చడమే అంతటా పనిచేసే ఉపాయం. నిన్నటి తేదీ కావాలంటే గ్నూ డేట్‌కు -డి, బీఎస్‌డీ డేట్‌కు -వి. ఒకే షెల్ వెర్షన్ల మధ్యా తేడాలుంటాయి: జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సు వచ్చాక యాపిల్ బాష్ 3.2 దగ్గరే ఆగిపోయింది. 2009 నాటి బాష్ 4.0లో వచ్చిన అసోసియేటివ్ ఎర్రేలు అందులో లేవు. 2019లో మ్యాక్‌ఓఎస్ క్యాటలీనా నుంచి కొత్త ఖాతాలకు డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్ అయింది.

స్క్రిప్టును నడపకుండానే తప్పులు పట్టే సాధనాలూ ఉన్నాయి. డెబియన్ వారి చెక్‌బాషిజమ్స్ ఒకటి. విదార్ హోలెన్ హాస్కెల్‌లో రాసిన షెల్‌చెక్ స్క్రిప్టు మొదటి లైను చూసి ఏ షెల్ నియమాలు వర్తించాలో తేల్చుకుంటుంది, కొటేషన్లు మరచిన వేరియబుల్స్‌ను కూడా ఎత్తిచూపుతుంది.

పైపు మధ్యలో విఫలమైన కమాండును గుర్తించే పైప్‌ఫెయిల్ ఆప్షన్ కార్న్ షెల్, బాష్‌లలో ఎప్పటినుంచో ఉన్నా, పోసిక్స్‌లో 2024 ప్రతితోనే చేరింది. పాత యంత్రాల్లోనూ నడవాల్సిన స్క్రిప్టు దాన్ని వాడేముందు సబ్‌షెల్‌లో పరీక్షించి చూసుకోవాలి.