సత్రం నుంచి చికిత్సాలయం దాకా: ఇంగ్లండు పాత ఆసుపత్రుల చరిత్ర

ఆసుపత్రి అనగానే మీ మనసులో మెదిలేవి వైద్యుడు, మందు, శస్త్రచికిత్స. అయితే మన నోట ఆసుపత్రిగా మారిన ‘హాస్పిటల్’ అనే మాటకు మూలం, ‘అతిథి’ అనే అర్థం గల లాటిన్ పదం. ‘హోటల్’ అన్న మాట కూడా ఆ కుటుంబానిదే. మధ్యయుగపు ఇంగ్లండులో హాస్పిటల్ అనే పేరు గల కట్టడాలు చాలావరకు మన ధర్మసత్రాల వంటివి. బాటసారులకు, వృద్ధులకు, నిరుపేదలకు, కుష్ఠురోగులకు అక్కడ లభించినవి ఇంత నీడ, ఇంత తిండి, దైవప్రార్థన. వైద్యుడు తప్పనిసరి కాదు. వించెస్టరులో హెన్రీ ఆఫ్ బ్లోయిస్ అనే బిషప్పు 1130లలో నెలకొల్పిన సెయింట్ క్రాస్ హాస్పిటల్ నేటికీ వృద్ధుల ఆశ్రయమే. అడిగిన బాటసారికి రొట్టెముక్క, కొద్దిగా బీరు ఇచ్చే ఆచారం అక్కడ ఇంకా సాగుతోంది.

కాలం మారినకొద్దీ ఈ కట్టడాల ప్రయోజనం కూడా మారుతూ వచ్చింది. లండన్‌లో ఒకప్పుడు కుష్ఠురోగుల ఆశ్రమం ఉన్న చోటనే ఎనిమిదవ హెన్రీ 1530లలో రాజభవనం కట్టించాడు. అదే నేటి సెయింట్ జేమ్స్ ప్యాలెస్. ఆ దశాబ్దంలోనే ఆయన మఠాలను రద్దు చేయడంతో, వాటిని ఆశ్రయించుకొని ఉన్న హాస్పిటళ్లు కూడా కూలిపోయే స్థితి వచ్చింది. పేదలు, రోగులు వీధిన పడగా నగర పెద్దలు రాజుకు మొరపెట్టుకున్నారు. 1123లో రహీర్ స్థాపించిన సెయింట్ బార్తలోమ్యూస్ 1546లో లండన్ నగరం చేతికి వచ్చింది. మూతపడిన సెయింట్ థామస్ 1551లో మళ్లీ తెరుచుకుంది. ధర్మకార్యం మఠం చేతినుంచి పురపాలకుల చేతికి మారిన ఘట్టమిది.

1247లో మఠంగా మొదలైన బెత్లెహెం కథ మరొక రకం. అది క్రమంగా మతిస్థిమితం లేనివారి నివాసమైంది. రోగులను వింతగా చూడటానికి జనం అక్కడికి వెళ్లేవారు. దాని పేరు జనం నోట అరిగి ‘బెడ్‌లం’ అయి, ఇంగ్లీషులో గందరగోళానికి పర్యాయపదంగా స్థిరపడింది. 1815లో ఆ సంస్థ మారిన కొత్త భవనంలో మిగిలిన భాగమే 1936 నుంచి ఇంపీరియల్ వార్ మ్యూజియం.

పద్దెనిమిదవ శతాబ్దంలో దాతల చందాలతో నడిచే ఆసుపత్రులు వెలిశాయి. వైద్యవిద్య అక్కడ వికసించింది, చికిత్స శాస్త్రీయమైంది. కానీ తలుపు ఇరుకైంది. లోనికి రావాలంటే సాధారణంగా చందాదారుని సిఫారసు లేఖ కావాలి. అంటువ్యాధి గలవారిని, గర్భిణులను, నయం కాని జబ్బు గలవారిని చేర్చుకోకపోవడం చాలాచోట్ల నియమం. దాతలకు చూపవలసింది నయమై ఇంటికి వెళ్లినవారి లెక్క గదా! థామస్ గై 1721లో తన ఆసుపత్రిని తలపెట్టింది, సెయింట్ థామస్ నుంచి ‘నయం కాదు’ అని పంపివేసిన వారి కోసం. అయితే గైస్ ఆసుపత్రి కూడా కొద్దికాలానికే అన్నిటివంటి ఆసుపత్రి అయింది. సిఫారసు లేఖ అడగని ఆసుపత్రిని విలియం మార్స్‌డెన్ 1828లో ప్రారంభించాడు. అది నేటి రాయల్ ఫ్రీ.

మరి ఆ తలుపు దాటలేనివారు ఎక్కడికి వెళ్లారు? 1834 నాటి పేదల చట్టం తర్వాత వారికి మిగిలిన దిక్కు ప్రధానంగా వర్క్‌హౌస్, అంటే నిరుపేదలను కఠిన నియమాల మధ్య ఉంచి పనిచేయించే శాల. పక్షవాతం వచ్చినవారు, మతిమరుపు ముదిరినవారు, దిక్కులేని వృద్ధులు వాటి రోగివార్డులలో ఏళ్ల తరబడి పడి ఉన్నారు. సత్రం అక్కున చేర్చుకున్నవారిని చికిత్సాలయం వదులుకోగా, వర్క్‌హౌస్ వారిని మంచానికి అప్పగించింది.

1935లో లండన్ సమీపంలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి పక్కనున్న అటువంటి రోగిశాలను అప్పగించారు. 700 మందికి పైగా రోగుల బాధ్యత డాక్టర్ మార్జరీ వారెన్ మీద పడింది. ఆమె ప్రతి ఒక్కరినీ విడిగా పరీక్షించి, రోగనిర్ధారణ చేసి, అవసరాన్నిబట్టి వర్గీకరించింది. వార్డులలో వెలుతురు పెంచింది. లేవగలిగినవారిని లేపి కూర్చోబెట్టి నడిపించింది. ఇక లేవరనుకున్న వారిలో అనేకులు తిరిగి నడిచి, ఆసుపత్రి విడిచి వెళ్లగలిగారు. వృద్ధుల వైద్యం అనే ప్రత్యేక శాఖకు బ్రిటన్‌లో పునాది ఇదే.

1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు చందాల ఆసుపత్రి, వర్క్‌హౌస్ రోగిశాల ఒకే గొడుగు కిందికి వచ్చాయి. వర్క్‌హౌస్‌గా పుట్టినదే లీడ్స్‌లోని సెయింట్ జేమ్స్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి. దాని పాత భవనమొకటి ఇప్పుడు వైద్య మ్యూజియం. లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రి పాత భవనం మాత్రం 1991లో విలాసవంతమైన హోటలైంది. అతిథి అన్న మూలార్థం అలా తిరిగి వచ్చింది గానీ, ఈ అతిథి డబ్బు చెల్లించేవాడు!

మన ఊళ్లలో ప్రభుత్వ ఆసుపత్రిని పెద్దలు ‘ధర్మాసుపత్రి’ అనేవారు. ఆ మాట వాడుకలోంచి తప్పుకుంటోంది. నయం చేయడమే ఆసుపత్రి పని అనుకోవడం చరిత్రలో కొత్త భావన, ఆదరించడమే పాతది. నయం కాదన్న మాట విన్నాక మీ ఇంటి పెద్దవారు ఎక్కడ, ఎలా ఉంటారు?

వారెన్ నేర్పిన పాఠం నేటికీ వర్తిస్తుంది. వృద్ధులకు అవసరానికి మించిన పడక విశ్రాంతి మందు కాదు. కొద్దిరోజులకే కండరాలు క్షీణిస్తాయి. పడక పుండ్లు, న్యుమోనియా, కాళ్ల నరాలలో రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు పొంచి ఉంటాయి. కనుక ఇంటికి పంపే రోజున మందుల చీటీతో సరిపెట్టుకోకండి. ‘ఎప్పుడు కూర్చోబెట్టాలి? ఎప్పుడు నడిపించాలి? ఏ వ్యాయామం చేయించాలి?’ అని వైద్యుని అడగండి. లేవలేని స్థితి అయితే ఎన్ని గంటలకొకసారి పక్కకు తిప్పాలో, నొప్పికి ఏమి ఇవ్వాలో తెలుసుకోండి. ‘వయసు గదా’ అన్న ఒక్క మాటతో ఎవరినీ మంచానికి వదిలివేయకండి.