దత్తమండలము రాయలసీమ యైన సభ



కాంగ్రెసు అనగానేమని అడిగినచో మనవారు వెంటనే ఒక పక్షము పేరు చెప్పుదురు. ఆ మాటకు అసలర్థము కూడిక, మహాసభ. 1814–15లో వియన్నా నగరమున ఐరోపా రాజుల రాయబారులు కూడి సరిహద్దులు దిద్దుకొన్నదియు కాంగ్రెసే. 1885 డిసెంబరులో బొంబాయియందు 72 గురు ప్రతినిధులు కూడినదియు కాంగ్రెసే. వారిలో మన గుత్తినుండి పోయిన కేశవపిళ్లగారొకరు. నేడు నేను మనవి చేయదలచినది అంతకన్న దగ్గరి సభను గూర్చి. అది 1928 నవంబరు 17, 18 తేదీలలో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ.

సంతలోను జనము కూడుదురు గాని అది సభ కాదు. సభకు ముందుగా ఆహ్వానసంఘ మేర్పడవలెను. పందిరి, విడిది, భోజనము దాని భారము. వచ్చినవారిలో ప్రతినిధులు వేరు, చూడవచ్చినవారు వేరు. చేయి యెత్తి సమ్మతి తెలుపు హక్కు ప్రతినిధులదే. ఏ తీర్మానము పందిటికి రావలెనో, ఏ మాటలతో రావలెనో విషయనిర్ణయసంఘము ముందే తేల్చును. నా మట్టుకు సభకు గుండెకాయ అదియే. చప్పట్లు పందిటిలో, పెనుగులాట అచ్చట. పిమ్మట ఒకరు తీర్మానము నుపపాదింపగా వేరొకరు బలపరతురు. ఎవరైన సవరణ తెచ్చినచో మొదట దానిపై సమ్మతులు తీసికొని, తరువాతనే అసలు తీర్మానమును అడుగుదురు. మన రచ్చబండకును మర్యాదలు కలవు. కాని అచ్చట చెల్లునది పెద్దల మాట, ఇచ్చట చేతుల లెక్క.

నంద్యాల మహాసభకు అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆ సందర్భముననే కడప కోటిరెడ్డిగారి అధ్యక్షతను దత్తమండలముల సభయు జరిగెను. దత్తమనగా ఇచ్చివేయబడినది. 1800లో నైజాము తన రక్షణకుంచిన సైన్యపు ఖర్చుల క్రింద ఈ సీమను కుంపిణీవారికి ధారపోసెను. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు, నడుమనున్న రైతు నడిగినవారు లేరు. నూటయిరువది యేండ్లకు పైగా ఆ పేరే కాగితములలో నిలిచెను. అనంతపురము కళాశాలలో బోధించుచుండిన చిలుకూరి నారాయణరావుగారు, విజయనగర రాయలేలిన నేల గనుక, 'రాయలసీమ' యను పేరు సూచించిరి. పప్పూరి రామాచార్యులుగారు తీర్మానము ప్రవేశపెట్టగా సభ అంగీకరించెను. నారాయణరావుగారు పుట్టుకచే ఈ సీమవారు కారు. ఇంటివారు అలవాటుపడి వినని మాట వచ్చినవారి చెవికి ముల్లువలె తగులుట వింత కాదు.

ఇట్టి సభ తీర్మానమునకు శాసనబలము లేదు. దానిని గైకొనుమని దొరతనమును నిర్బంధింపజాలదు. అయినను ఈ పేరు నిలిచెను. ఏలయన దానికి కావలసినది ప్రజల నాలుక మాత్రమే.

నీటి సంగతి అట్లు కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు భవనమున సర్కారుజిల్లాల పెద్దలును మన పెద్దలును కూర్చుండి ఒడంబడిక వ్రాసికొనిరి. అది మహాసభ కాదు. ఒక గదిలో పట్టు కొలదిమంది. అందు తుంగభద్ర, కృష్ణ, పెన్న జలములలో పదియేండ్లపాటు, అవసరమైనచో మరికొంతకాలము, రాయలసీమకును నెల్లూరికిని మొదటి స్థాన మీయవలెననిరి. శాసనసభ స్థానములు జిల్లాకు సమానముగా నుండవలెననిరి. రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాలో, ఒకటి సీమలో నుండవలెను. ఏది కావలెనో కోరుకొను హక్కు సీమది.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని యయ్యెను. హైకోర్టు గుంటూరున వెలసెను. 1956లో హైదరాబాదు రాజధాని కాగా రెండును అచ్చటికే తరలెను. నీటి షరతు మాత్రము ఏ చట్టమునకును ఎక్కలేదు. కాలువనీటి తగవు లేచినప్పుడెల్ల మనవారు నేటికిని ఆ కాగితమునే ఎత్తి చూపుచున్నారు.