రెక్క కింద రాకెట్టు

రాకెట్టు అనగానే మనకు శ్రీహరికోట గుర్తొస్తుంది. అక్కడ రాకెట్టు నిప్పులు కక్కుతూ నేల మీంచి నిలువుగా లేస్తుంది. కానీ కొన్ని రాకెట్లు విమానం కింద వేలాడుతూ పైకి వెళ్లి, అక్కడ విడివడ్డాక మంట అందుకుంటాయి. ఎందుకలా? నేను చదివి తెలుసుకున్నది చెప్తాను.

1947 అక్టోబర్ 14న అమెరికాలో చక్ యేగర్ నడిపిన ఎక్స్-1 ధ్వని వేగాన్ని దాటింది. బి-29 అనే పెద్ద విమానం దాన్ని కడుపు కింద మోసుకెళ్లి ఆకాశంలో వదిలింది. ఎక్స్-1లోని ఇంధనం కొద్ది నిమిషాలకే సరిపోతుంది. అదంతా పైకెక్కడానికే ఖర్చయితే వేగానికి ఏం మిగులుతుంది? తర్వాత వచ్చిన ఎక్స్-15 కూడా బి-52 రెక్క కింది నుంచే ఎగిరింది. 1963లో జో వాకర్ దానిలో 100 కిలోమీటర్ల ఎత్తు దాటాడు.

1990 ఏప్రిల్ 5న పెగాసస్ రాకెట్టు ఇదే పద్ధతిలో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇక్కడే నాకో సందేహం వచ్చింది. కక్ష్యలో తిరగాలంటే గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. విమానం వేగం 900 దాటదు. మరి లాభమేంటి?

అసలు లాభం ఎత్తులో ఉంది. పెగాసస్‌ను వదిలేది సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున. భూమి చుట్టూ ఉన్న గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా దానికి కిందే ఉంటుంది. పైన గాలి పలచన కాబట్టి రాకెట్టుకు అడ్డు తక్కువ. వేడి వాయువులు బయటికొచ్చే నాజిల్‌ను వెడల్పుగా పెట్టుకోవచ్చు. దాంతో అదే ఇంధనంతో ఇంజను ఇంకాస్త గట్టిగా నెడుతుంది. పైగా ప్రయోగ కేంద్రం లేని చోటు నుంచి కూడా బయల్దేరొచ్చు. 1997లో స్పెయిన్ ఉపగ్రహం కోసం పెగాసస్ కానరీ దీవుల నుంచి అలాగే వెళ్లింది.

మరి అన్నీ ఇలాగే ఎందుకు పంపరు? విమానం మోయగలిగినంతే రాకెట్టు ఉండాలి కదా! పెగాసస్ ఎక్స్‌ఎల్ బరువు సుమారు 23 టన్నులు. మన ఎల్‌వీఎం3 బరువు 640 టన్నులు. అంత బరువును ఏ విమానమూ ఎత్తలేదు. ఖర్చు సంగతి కూడా ఉంది. ఈ పద్ధతినే నమ్ముకున్న వర్జిన్ ఆర్బిట్ సంస్థ 2023లో మూతపడింది.

అదే ఏడాది ఏప్రిల్ 2న మా కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర, ఇస్రో తన రెక్కల వాహనాన్ని హెలికాప్టర్‌తో 4.5 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలింది. అది తనంతట తానే రన్‌వే మీద దిగింది. అది ప్రయోగం కాదు, దిగడం నేర్పే పరీక్ష. అయినా పైకి మోసుకెళ్లి వదలడమనే ఉపాయం ఒక్కటే. పెద్ద బరువులు మోయలేకపోయినా, కొత్త వాహనాన్ని పరీక్షించడానికి 1947 నాటి ఆ ఉపాయం ఇవాళ్టికీ అక్కరకొస్తోందని నాకు అర్థమైంది.