హామిల్టను నగరపు ఆవిరి జలయంత్రాలయము

తటాకనిర్మాణమును మన పూర్వులు సప్తసంతానములలో నొకటిగా పరిగణించిరి. పుత్రునివలెనే చెరువు కూడ త్రవ్వించినవాని పేరు నిలుపునని వారి విశ్వాసము. జలదానమునందలి యీ శ్రద్ధ ఒక్క దేశమునకే పరిమితము కాదనుటకు కెనడాలోని హామిల్టను నగరము నిదర్శనము.

ఆంటారియో సరస్సు పశ్చిమతీరమున నున్న ఆ పట్టణమునకు చెంతనే అపారజలరాశి యుండియు, ప్రజలు బావినీటినే త్రాగుచుండిరి. 1854లో వాంతిభేది చెలరేగి 552 మందిని బలిగొన్నది. ఇండ్లకు నిప్పంటుకొన్నచో ఆర్పుటకును తగిన నీరు లేకుండెను. ఈ రెండు భయములే పురపాలకులను మేల్కొల్పినవి.

థామస్ కీఫర్ అను ఇంజనీరు ప్రణాళిక రచించెను. సరస్సు ఒడ్డున త్రవ్వించిన కొలనులోనికి ఇసుకగుండా వడిసిన నీరు చేరును. ఆ నీటిని మిట్టమీది రిజర్వాయరునకు ఎక్కించుటకై, సమీపమున నున్న డండాసులో జాన్ గార్ట్‌షోరు కర్మాగారమున రెండు ఆవిరియంత్రములు తయారైనవి. ఒక్కొక్కటి 45 అడుగుల ఎత్తు, 70 టన్నుల బరువు. ఆవిరి మొదట చిన్న సిలిండరులో పనిచేసి, పిదప పెద్ద సిలిండరులో వ్యాకోచించి మరల పనిచేయును. ఆ బలముచే పైనున్న ఇనుప దూలము మన ఏతమువలె లేచుచు, వంగుచు పంపును నడుపును. వీనికై రాతిభవనమును, లోపల పోతయినుప స్తంభములను, వెలుపల 150 అడుగుల పొగగొట్టమును దేవాలయమునకు చూపునంత శ్రద్ధతో నిర్మించిరి.

1859లో నీరు పారెను. 1860లో వేల్సు యువరాజు ప్రారంభోత్సవము జరిపెను. వాంతిభేది క్రిమిని రాబర్టు కాఖ్ లోకమునకు చాటినది 1884లో. పూర్తి శాస్త్రనిర్ణయమునకు వేచియుండక, పాతికేండ్లు ముందుగనే ఆ నగరము మంచినీరు తెచ్చుకొనెను. దీనికిని, రైలుమార్గములకును చేసిన అప్పులవలన ఖజానా దివాలా అంచునకు వచ్చినమాటయు నిజమే. కాని అప్పు లెక్క ఒకనాటికి తీరును. పోయిన ప్రాణముల లెక్క ఎన్నటికిని తీరదు.

ఆ యంత్రములు 1910 వరకు సేవచేసినవి. పని ముగిసిన పిదపను వానిని విప్పి పాత యినుముగా అమ్మలేదు. నేడా భవనము మ్యూజియమై, ఒక యంత్రమును కదలించి బాలురకు చూపుచున్నది. కట్టినవారికి కీర్తి యెంతయో, కాపాడినవారికిని అంతయే. సంతానమనగా కనుట మాత్రమే కాదు, పోషించుట కూడను.