జెండా ఎవరిదైనా సరుకు పట్టాలెక్కింది

మన తీరంలో సరుకును మన జెండా ఓడలే మోయాలన్న చట్టాల చరిత్ర రాసేవారు సాధారణంగా రెండు పాత్రలనే చూపిస్తారు: దోచుకునే విదేశీ కంపెనీ, దాన్ని అడ్డుకునే స్వదేశీ చట్టం. 1850 చట్టంతో తీరవ్యాపారం అన్ని దేశాల ఓడలకూ తెరుచుకోవడం, బ్రిటిష్ ఇండియా ఓడల కంపెనీ గుత్తాధిపత్యం, 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై పెట్టిన ఓడల కంపెనీ పతనం, 1919లో స్వదేశీ ఓడల కంపెనీ సింధియా రాక అందరికీ తెలిసినవే. ఇందులో అబద్ధం లేదు గానీ, రైలు లేదు. ఆ లోటు ఓడరేవు నుంచి చూస్తే తెలియదు, బెంగాల్‌లోని రైలు కూడలి ఖరగ్‌పూర్ నుంచి చూస్తే తెలుస్తుంది.

1928లో సారాభాయ్ నేమ్‌చంద్ హాజీ కేంద్ర శాసనసభలో తీర రవాణాను భారతీయ ఓడలకే కేటాయించాలని బిల్లు పెట్టాడు. ఆయన ఫిర్యాదు నిజమే. తమ ఓడల్లోనే సరుకు పంపే వర్తకుడికి విదేశీ కంపెనీలు కిరాయిలో కొంత భాగం ఆలస్యంగా తిరిగిచ్చేవి. మధ్యలో మరో ఓడ పట్టుకుంటే ఆ సొమ్ము దక్కేది కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టం బ్రిటిష్ ఓడలపై వివక్షను నిషేధించి అలాంటి కేటాయింపుకు దారి మూసేసింది. తీరవ్యాపారం మన ఓడలకు దక్కేసరికి 1950ల ఆరంభం వచ్చింది. కానీ అప్పటికే అర్ధ శతాబ్దంగా బెంగాల్ నాగ్‌పూర్ రైలు నడుస్తోంది. 1900 ప్రాంతానికి ఖరగ్‌పూర్ కూడలి అయింది. గంజాం, విశాఖ జిల్లాల తెలుగువాళ్లు అక్కడి రైల్వే కార్ఖానాకు వలస వెళ్లారు. వాళ్ల జిల్లాల సరుకు కూడా అదే పట్టాలెక్కింది. భీమునిపట్నం, కళింగపట్నాల్లో ఓడ దూరంగా లంగరు వేస్తే పడవల్లో అలలు దాటించి ఎక్కించాలి. రైలుకు ఆ బాధ లేదు. పైగా దూరం పెరిగేకొద్దీ మైలుకు ధర తగ్గే లెక్క దానిది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు కరువై బొగ్గు రైలుకు మళ్లింది, యుద్ధం ముగిశాక కూడా పూర్తిగా తిరిగి రాలేదు. 1950ల మధ్యలో రైలు, సముద్ర రవాణాల సమన్వయానికి ప్రభుత్వం కమిటీ వేయవలసి వచ్చిందంటేనే జబ్బు ఎక్కడుందో అర్థమవుతుంది.

రైలుది లోపలి ఊళ్ల సరుకు, ఓడది రేవు నుంచి రేవుకు పోయే సరుకు, రెంటికీ పోటీ ఎక్కడిదని అడగవచ్చు. బియ్యం విషయంలో ఆ మాటకు కొంత బలముంది. బొగ్గు విషయంలో నిలవదు: రాణీగంజ్ బొగ్గు మద్రాసుకు రెండు దారుల్లోనూ చేరగలదు. ఇప్పటికీ హల్దియా, పారదీప్, విశాఖల నుంచి తమిళనాడు విద్యుత్ కేంద్రాలకు బొగ్గు ఓడల్లో వెళుతోంది. కొనేది ప్రధానంగా ఒక్కరే, కేంద్రాల్లో చాలావి రేవు పక్కనే కాబట్టి అది గిట్టుబాటవుతోంది. చట్టం పాత్ర అక్కడ రెండోది. అయినా కేటాయింపు వృథా అనలేను. అది లేకపోతే సింధియా తీరంలో అంతకాలం నిలిచేదా అన్నది అనుమానమే.

2018లో ఎగుమతి, దిగుమతి కంటైనర్లను తీరం వెంట మోసేందుకు విదేశీ ఓడలకు సడలింపులిచ్చారు. 2025లో తీర నౌకాయానానికి కొత్త చట్టం చేశారు. సడలింపును మెచ్చేవారూ తప్పుపట్టేవారూ ఇంకా జెండా గురించే తగవు పడుతున్నారు. కొత్త చట్టం ఒక జాతీయ వ్యూహ ప్రణాళికను కోరడం మంచిదే. కానీ ఆ ప్రణాళిక రైలు కిరాయి పట్టికను పక్కన పెట్టుకుని రాయకపోతే, ఏ జెండా ఓడకైనా తీరంలో దొరికేది రైలు వద్దనుకున్న సరుకే.