అడగందే అమ్మైనా పెట్టదు

బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు ఈ స్వర్ణోత్సవ సంచికలో చాలామంది ఉంటారు. నేను మాత్రం కాలేజీలో ఏళ్ల తరబడి చెప్పిన ఒక చరిత్ర పాఠం రాస్తున్నాను. దీనికి బీజం వేసింది మన బడే. తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు ఒకసారి, "దేశాలు శత్రువులతో ఎలా పోట్లాడాయో పుస్తకంలో ఉందిరా, మిత్రులతో ఎలా చెడ్డాయో మీరే వెతుక్కోండి" అన్నారు. 1962 నాటి స్కైబోల్ట్ వ్యవహారం చదివినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది.

స్కైబోల్ట్ అంటే విమానం నుంచి ప్రయోగించే అణు క్షిపణి. అమెరికా తయారు చేస్తోంది. 1960 మార్చిలో బ్రిటిష్ ప్రధాని మాక్‌మిలన్ క్యాంప్ డేవిడ్‌లో ఐసెన్‌హోవర్‌ను కలిసి, తమ వల్కన్ బాంబర్ల కోసం దాన్ని అమ్మేందుకు ఒప్పించాడు. స్కాట్లండ్‌లోని హోలీ లోక్‌ను అమెరికా అణు జలాంతర్గాములు వాడుకోవడానికి తానూ సరేనన్నాడు. ఇది దానికి బదులని బ్రిటన్ లెక్క. కాగితం మీద మాత్రం రెంటికీ ముడి పెట్టలేదు. ఆ ధీమాతోనే మరుసటి నెలలో సొంత క్షిపణి బ్లూ స్ట్రీక్‌ను ఆయుధంగా వదిలేసుకుంది.

కెన్నెడీ వచ్చాక రక్షణమంత్రి మెక్‌నమారా కంటికి స్కైబోల్ట్ ఖర్చుల పద్దులో ఒక దండగ. ధర పెరుగుతోంది, పరీక్షలు విఫలమవుతున్నాయి, అంతకన్నా నమ్మకమైన మినిట్‌మన్, పొలారిస్ క్షిపణులు చేతిలో ఉన్నాయి. మాక్‌మిలన్‌కు అదే స్కైబోల్ట్ తన దేశం అణుశక్తిగా నిలబడటానికి ఆధారం, పార్లమెంటులో తన పరువు.

1962 నవంబర్ 9న మెక్‌నమారా బ్రిటిష్ రక్షణమంత్రి థార్నీక్రాఫ్ట్‌కు ఫోన్ చేసి, స్కైబోల్ట్‌ను ఆపేసే ఆలోచన ఉందని చెప్పాడు. తర్వాత నెల రోజులు గడిచాయి. ఏం కావాలో వాళ్లే అడుగుతారని మెక్‌నమారా ఎదురుచూశాడు. పొలారిస్ ఇస్తామని వాళ్లే అంటారని థార్నీక్రాఫ్ట్ ఎదురుచూశాడు. మన సామెత అక్కడ ఎవరికీ తెలిసినట్టు లేదు. "ప్రధాని ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదా సార్?" అని నా విద్యార్థులు ఏటా అడిగేవారు. అంతకు కొద్ది వారాల ముందే, క్యూబా సంక్షోభంలో, కెన్నెడీ, మాక్‌మిలన్ దాదాపు రోజూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు మరి! అడిగితే చులకనవుతామని ఒకరు, ముందుగా చెబితే ఇరుక్కుంటామని ఒకరు జంకారని నాకనిపిస్తుంది.

ఈలోగా డిసెంబర్ 5న అమెరికా మాజీ విదేశాంగ మంత్రి డీన్ అచిసన్ ఒక ప్రసంగంలో, బ్రిటన్ సామ్రాజ్యం పోగొట్టుకుంది, కొత్త పాత్రేదో ఇంకా తేల్చుకోలేదు అన్నాడు. లండన్ పత్రికలు భగ్గుమన్నాయి. 11న లండన్‌లో దిగిన మెక్‌నమారా, విమానాశ్రయంలోనే విలేకరులతో ఇప్పటిదాకా జరిగిన ఐదు పరీక్షలూ విఫలమయ్యాయని చెప్పేశాడు. లోపల గదిలో చెప్పాల్సిన మాట బయట చెప్పడంతో థార్నీక్రాఫ్ట్‌కు అది ద్రోహంగానే కనిపించింది.

చివరకు బహామాస్‌లోని నాసావులో 18 నుంచి 21 వరకు నాయకులిద్దరూ కూర్చున్నారు. చైనా యుద్ధం దెబ్బ తిన్న మన దేశానికి ఆయుధ సాయం సంగతీ అక్కడే మాట్లాడుకున్నారు. మాక్‌మిలన్ పట్టుబట్టి పొలారిస్ సాధించుకున్నాడు. సమావేశం ముగిసిన మర్నాడే స్కైబోల్ట్ పరీక్ష విజయవంతమైందన్న ప్రకటన వచ్చింది! 1963 జనవరి 14న ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్, ఐరోపా ఉమ్మడి మార్కెట్‌లో బ్రిటన్‌కు చోటు లేదన్నాడు. ఆయన మనసు అంతకుముందే ఆ వైపు ఉంది. అమెరికాతో కుదిరిన నాసావు ఒప్పందం ఆయన చేతికి మంచి సాకు ఇచ్చింది.

ఇంత ఆప్తుల మధ్య ఇలా ఎందుకు జరిగిందో కెన్నెడీకి అంతుపట్టలేదు. కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రిచర్డ్ న్యూస్టాట్‌ను పిలిచి, రెండు వైపులా వాకబు చేయమన్నాడు. అవతలి ప్రభుత్వం కూడా తమలాగే నడుస్తుందని ఎవరికి వారు అనుకున్నారని ఆయన తేల్చాడు. ఆ నివేదిక 1963 నవంబర్ 15న కెన్నెడీకి అందింది. సరిగ్గా వారానికి డల్లాస్‌లో కాల్పులు జరిగాయి.