ఉప్పుకండ లేని విస్తరి

ఆ మధ్య బెంగళూరులో మా అక్క కొడుకు ఇంటికి వెళ్ళినప్పుడు వాడు స్నేహితులను పిలిచి చిన్న విందు చేశాడు. పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. మూరెడు చెక్కపలక తెచ్చి, దానిమీద పల్చగా కోసిన ఎండుమాంసాన్ని మడతలు మడతలుగా పేర్చి, పక్కన మూడు రకాల చీజు, నడుమ ద్రాక్షగుత్తులు, బాదంపప్పులు, చిన్న గిన్నెలో తేనె అమర్చాడు. ఆ అమరికకే గంట పట్టింది. దాన్ని షార్క్యూటరీ బోర్డు అంటారట. మాంసం అనే మాట, వండిన అనే మాట కలిసి ఫ్రెంచిలో పుట్టిన పేరు. పంది మాంసాన్ని వండి, ఉప్పుపట్టించి, నిలవచేసి అమ్మే పారిస్ వర్తకులు 15వ శతాబ్దంలోనే ఒక శ్రేణిగా ఏర్పడి కట్టుబాట్లు రాసుకున్నారు.

"మన దగ్గర ఇట్లాంటిది లేదు కదా మామా" అన్నాడు వాడు. నాకు కలికిరిలో మా అవ్వ దండెం కళ్ళముందు కదిలింది.

బోయకొండ గంగమ్మకు మొక్కు చెల్లించి వేటను కోసిన నాడు, చుట్టాలకు పంచగా మిగిలిన మాంసాన్ని అవ్వ ఎముక లేకుండా వేలెడు వెడల్పున పొడవుగా కోసేది. ఉప్పు, పసుపు, కారం పట్టించి, దారానికి గుచ్చి, ఎండలో దండెం మీద వేలాడదీసేది. కాకుల కాపలా పిల్లలది. పొద్దు గుంకగానే లోపలికి తేవాలి, తెల్లవారితే మళ్ళీ కట్టాలి. కట్టెపుల్లలా బిగుసుకున్నాక కుండకెత్తేది. అదే ఉప్పుకండ. వానాకాలంలో నిప్పుల మీద కాల్చి, రాతితో చితక్కొట్టి, కాస్త నూనెలో వేయించేది. కంచం నడుమ రాగిసంగటి ముద్ద, ముద్దలో గుంట, గుంటలో పప్పు, ఒక అంచున చెనిక్కాయల ఊరుబిండి, మరో అంచున ఎర్రగడ్డ ముక్క, దాని పక్కన ఉప్పుకండ. ఏది ఎక్కడ ఉండాలో అవ్వకు ఎవరూ నేర్పలేదు, కానీ ఆ చోట్లు ఎన్నడూ మారేవి కావు.

అతిథి ముందు పదార్థాలను ఒక క్రమంలో అమర్చాలన్న పట్టింపు మనకు చాలా పాతది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో వడ్డన విధి ఉంది. భోక్తకు కుడివైపున పండ్లు, భక్ష్యాలు, పొడిగా ఉండే పదార్థాలు. ఎడమవైపున రసాలు, పానకాలు, పాలు, నీళ్ళు. ఆ రెంటికీ నడుమ, ఎదురుగా, బెల్లంతో చేసినవీ పులుపు తీపి కలిసినవీ. ఏ పదార్థానికి ఏ పాత్ర తగినదో కూడా ఆ గ్రంథమే చెబుతుంది. పండ్లకూ భక్ష్యాలకూ ఆకులు చాలునట, పొడిగా వండిన మాంసానికి మాత్రం బంగారు పాత్ర! ఇక 1130 ప్రాంతంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలోని అన్నభోగ ప్రకరణంలో, పేగులను నింపి నిప్పుల మీద కాల్చే వంటకం సైతం ఉంది. పారిస్ వర్తకులకు అది కొత్తగా తోచేది కాదు.

తెలుగు కావ్యాల విస్తరి మాత్రం వేరు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట ఋతువుకొక వడ్డన. ముసురు పట్టిన రోజుల్లో భార్య కంట పొగ సోకకుండా పొయ్యిలోకి కొబ్బరి డొప్పలు సమకూర్చి మరీ వండించాడు. అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. (పొగ సంగతి పట్టించుకున్న రాజకవి మీద నాకు అందుకే ప్రత్యేకమైన గౌరవం.) క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట ఒక్క రూకకు దొరికే భోజనంలోనూ నాలుగైదు నంజుళ్ళున్నాయి. నంజుకోవడం అన్న మాట పక్కనే మన నిఘంటువుల్లో నంజుడు ఉంటుంది, దానికి మాంసమని అర్థం. ఈ పొరుగు నాకు ముచ్చటగా తోస్తుంది.

ఎండిన వరుగులకు కావ్యంలో చోటు దొరికింది, ఎండిన మాంసానికి దొరకలేదు. వైష్ణవభక్తుడి ఇంట దాన్ని వెతకడం నా ఉద్దేశం కాదు. కానీ బడిలో మాకు తెలుగువాడి భోజనమంటూ చూపినది ఆ ఒక్క విస్తరినే. పైగా శ్రీనాథుడి చాటువని చెప్పుకునే పద్యంలో, కన్నడ రాజ్యానికి వెళ్ళిన కవిసార్వభౌముడు వెల్లుల్లి, తెలకపిండి తిన్నాననీ, చల్లా అంబలి తాగాననీ వాపోతాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను, పొద్దున ఇంట్లో అంబలి తాగి వచ్చినవాణ్ణే.

ఆ ఏడే కోస్తా నుంచి నాయన స్నేహితుడొకాయన భోజనానికి వస్తున్నాడని తెలిసింది. పెరట్లో దండెం మీద రెండు రోజుల ఉప్పుకండ వేలాడుతోంది. ఆయన కంట పడుతుందని నాకు తల కొట్టేసినట్లయింది. ఎవరికీ చెప్పకుండా దారంతో సహా దించి, గోనెసంచిలో చుట్టి, అటక మీద పెట్టాను. వచ్చినాయన అరిటాకులో అన్నం, పప్పు, వంకాయకూర తిని, బాగుందని వెళ్ళిపోయాడు. పెరటివైపు చూడనైనా లేదు. సంచి సంగతి నేను మరిచిపోయాను. మూడో నాటికి అటక వాసన పట్టింది. తడి పూర్తిగా ఆరకుండా గాలి ఆడని చోట చుట్టి పెడితే, పట్టించిన ఉప్పు చాలక మాంసం కుళ్ళిపోతుంది. ఎండ, గాలి రెండూ అందితేనే అది నిలిచేది.

"ఎందుకురా దించితివి?" అంది అవ్వ. నేను బదులు చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ సంచి తీసుకుపోయి కుక్కకు వేసింది. ఆ వానాకాలం మా ఇంట సంగటిలోకి ఉప్పుకండ లేదు. అవ్వ కంచంలో ఎర్రగడ్డ పక్కనున్న ఆ చోటు ఖాళీగానే ఉండేది, అక్కడికి మరొకటి జరపలేదామె.

ఇదంతా బెంగళూరులో మావాడికి చెప్పాను. మళ్ళీ వెళ్ళినప్పుడు కలికిరి నుంచి ఒక పొట్లం తీసుకుపోయాను. నిప్పులు లేవు గనుక గ్యాసు మంట మీదే కాల్చి, చితక్కొట్టి, నూనెలో వేయించి ఇచ్చాను. ఎక్కడ పెట్టమంటావని పలక పట్టుకుని అడిగాడు.

కుడివైపున పెట్టరా అన్నాను.